పనిదొంగ అనే ముందు

1974లో న్యూయార్క్ మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ ఉచిత క్లినిక్‌లో పనిచేసేవాళ్ల గురించి రాస్తూ ‘బర్నౌట్’ అన్న మాట వాడాడు. వాళ్లు పని ఎగ్గొట్టే బాపతు కాదు, సేవ మీద మక్కువతో చేరినవాళ్లు. 1981లో క్రిస్టీనా మాస్లాక్, సూసన్ జాక్సన్ దాన్ని కొలిచే ప్రశ్నావళి ప్రచురించారు. సత్తువ ఇంకిపోవడం, ఎదుటి మనుషుల పట్ల మనసు బండబారడం, చేసిన పనికి విలువే లేదనిపించడం అందులోని మూడు కొలతలు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుగా కాక, పనిచోట అదుపులోకి రాని దీర్ఘకాలిక ఒత్తిడి ఫలితంగా నిర్వచించింది. కారణాన్ని మనిషి స్వభావంలోనే కాదు, పని నడిచే తీరులోనూ వెతకాలని దీని అర్థం.

హైదరాబాద్ ఐటీ కంపెనీలున్న శేరిలింగంపల్లిలో ఆ తీరు ఎలా మారిందో చూడండి. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. 2000 సంవత్సరం తేదీల చిక్కును సరిచేసే వైటూకే పని హడావుడి తర్వాత కాల్ సెంటర్లు వచ్చాయి, వాటితో నైట్ షిఫ్టులు, అర్ధరాత్రి క్యాబులు వచ్చాయి. న్యూయార్క్‌లో పొద్దున తొమ్మిదయితే ఇక్కడ వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. ఇంట్లో అన్నం వడ్డించే వేళకే క్లయింట్ కాల్ మొదలవుతుంది. 2008 మాంద్యంతో ప్రాజెక్టు లేక ఖాళీగా ఉండాల్సిన ‘బెంచ్’ భయం ముదిరింది. 2020 మార్చి లాక్‌డౌన్ తర్వాత ఆఫీసు నుంచి ఇంటికి బయల్దేరే ఘడియ కూడా పోయింది, లాప్‌టాప్ మంచం పక్కకే చేరింది.

ఇలాంటి చోట ప్రొడక్షన్ సపోర్ట్‌లో ఉన్న మనిషి ఒకే ఫిర్యాదు టికెట్ తెరిచి గంటసేపు చూస్తూ కూర్చుంటే, పైవాళ్లకు బద్ధకంగానే తోస్తుంది. ఆ తీర్పు తొందరపాటు. బద్ధకస్తుడు పని తప్పితే హాయిగా ఉంటాడు, ఇతను ఆదివారం కూడా నేరభావనతో నలుగుతాడు. రెండు రోజులు పడుకున్నా సోమవారం తేరుకోడు. అన్నిటికన్నా గట్టి ఆధారం కాలక్రమం: నిరుడు, అంతకు ముందేడు ఇదే మనిషి ఎలా చేశాడు?

ఏసీ గదుల్లో కూర్చునేవాళ్లకు అలసటేమిటి, ఆ మేడలు కట్టిన కూలీలకు లేదా అని అడుగుతారు. కూలీ అలసట నిజం కాబట్టి ఇంజనీరుది అబద్ధమైపోదు. పైగా ఈ పరిశోధన మొదలైందే రోగులనూ బాధితులనూ చూసుకునేవాళ్లతో. పని ఎగ్గొట్టేవాళ్లు బర్నౌట్ పేరు చాటున దాక్కోరా? కొందరు దాక్కుంటారు. వాళ్ల పాత అప్రైజళ్లు తిరగేస్తే తేడా చాలావరకు బయటపడుతుంది. డిప్రెషన్, థైరాయిడ్, రక్తహీనత కూడా ఇలాగే కనిపించవచ్చు కనుక డాక్టరు పరీక్ష తప్పదు.

మేనేజర్లూ, తల్లిదండ్రులూ, సోమరి అనే ముందు ఆ మనిషి పని గంటలు లెక్కపెట్టండి. మాట్లాడే తోడు కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది. 14416కు రాత్రయినా పగలయినా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.