డాన్యూబ్ నుంచి రెటీనా వరకు: ఫ్లోరెసిన్ పుట్టుపూర్వోత్తరాలు

కంటి లోపలి పొరలకు వచ్చే వాపును, అంటే వైద్యులు యువియైటిస్ అనే జబ్బును, పసిగట్టడానికి చేతి నరంలోకి ఎక్కించే ఫ్లోరెసిన్ అనే రంగు, మనిషి కంటి జబ్బుల జాడ పట్టక ముందే ఒక నది దారిని పట్టి చూపింది. జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ ఫాన్ బయ్యర్ 1871లో తయారుచేసిన ఈ పదార్థాన్ని 1877లో, డాన్యూబ్ నది నేలలోకి ఇంకిపోయే ఇమ్మెండింగెన్ దగ్గర 10 కిలోల మేర కలపగా, సుమారు 60 గంటలకు 12 కిలోమీటర్ల అవతలి ఆఖ్ ఊట ఆకుపచ్చగా మెరిసి, డాన్యూబ్ నీరు కొంత రైన్ నదికి చేరుతోందని రుజువు చేసింది.

1882లో పాల్ ఎర్లిక్ కుందేళ్ళకు ఈ రంగునిచ్చి, కంటి ముందు గదిలోని ద్రవంలో దాని కదలికను గమనించాడు. అయితే రెటీనాలో పారే రక్తాన్ని దీనితో ఫొటో తీసే పద్ధతి కుదరడానికి 1959 రావలసివచ్చింది. ఆ ఏడాది ఇండియానా విశ్వవిద్యాలయ వైద్య విద్యార్థులు హెరాల్డ్ నోవోత్నీ, డేవిడ్ ఆల్విస్, తమలో ఎవరు ముందు సూది వేయించుకోవాలో నాణెం ఎగరేసి తేల్చుకోగా వంతు ఆల్విస్‌కు పడింది. రెటీనా కెమెరా దీపం ముందు నీలి ఫిల్టరు, ఫిల్ము ముందు ఆకుపచ్చ ఫిల్టరు పెట్టడం వారి ఉపాయం: నీలి కాంతిని పీల్చుకున్న ఫ్లోరెసిన్ ఆకుపచ్చ కాంతిని వెదజల్లుతుంది కాబట్టి, వెనక్కి తిరిగివచ్చిన నీలి కాంతి ఆగిపోయి, రంగు ఉన్న నాళాలు మాత్రమే నల్లటి నేపథ్యంపై వెలుగుతాయి. నేత్రవైద్య పత్రికలు కాదన్న వారి వ్యాసాన్ని 1961లో గుండె, రక్తనాళాల పత్రిక ‘సర్క్యులేషన్’ ప్రచురించింది; కొత్త చూపును గుర్తించే గౌరవం నేత్రవైద్యులకు కాక హృద్రోగ నిపుణులకు దక్కడం విచారించదగిన విషయమే.

ఆరోగ్యంగా ఉన్న రెటీనా నాళాల గోడలు ఈ రంగును బయటికి పోనివ్వవు; వాపు ఆ గోడలను సడలించినచోట రంగు కారుతుంది, నిమిషాలు గడిచేకొద్దీ ఆ వెలుగు విస్తరిస్తుంది. రెటీనా నడిమి భాగమైన మాక్యులాలో నీరు చేరితే, చివరి చిత్రాల్లో పూరేకుల ఆకారం తేలుతుంది. కోడాక్‌లో పుట్టి, గుండె పరీక్షల్లో వాడకంలోకి వచ్చిన ఇండోసైనిన్ గ్రీన్ అనే మరో రంగు 1970లలో కంటికి చేరింది. అది పరారుణ కాంతిలో మెరుస్తుంది, ఆ కాంతి రెటీనా వెనకనున్న వర్ణకపు పొరను దాటగలదు, కనుక దాని అవతలి కొరాయిడ్ పొరలో దాగిన మచ్చలను బయటపెడుతుంది.

1991లో వెలువడిన ఓసీటీ (ఆప్టికల్ కోహెరెన్స్ టోమోగ్రఫీ) అనే స్కాన్, కాంతి తరంగాల ప్రతిబింబాలతో రెటీనా పొరల అడ్డకోతను మైక్రాన్ల కొలతతో చూపుతుంది. సూది అక్కర్లేదు, ఎన్నిసార్లయినా తీయవచ్చు, కనుక మాక్యులా వాపు తగ్గుదలను వరుసగా గమనించడానికి అదే మేలు. రంగు లేకుండానే రక్తప్రవాహాన్ని చూపే ఓసీటీ ఆంజియోగ్రఫీ, మూసుకుపోయిన సన్న నాళాలను స్పష్టంగా పట్టినా, కారుతున్న నాళాన్ని చూపలేదు. సూది అక్కర్లేని ఈ సౌలభ్యం వల్ల రంగు పరీక్ష వెనకబడుతున్నకొద్దీ, ఒక్కొక్క క్షణం చిత్రాన్ని తర్వాతి చిత్రంతో పోల్చి చదివే నేర్పు కూడా అంతరిస్తోంది, అది నష్టమే. మాక్యులా పొడిగా ఉన్నా అంచుల్లోని నాళాలు కారుతూనే ఉండవచ్చు, కాబట్టి వాపును అణచే మందు తగ్గించే ముందు విశాల రెటీనా చిత్రంతో కూడిన ఫ్లోరెసిన్ పరీక్షను ఆలోచించడం సబబు.

ఫ్లోరెసిన్ ఎక్కించాక కొన్ని గంటలు చర్మం పచ్చబడుతుంది, ఒకటి రెండు రోజులు మూత్రం రంగు మారుతుంది. గతంలో ఎలర్జీ వచ్చినవారు, గర్భిణులు ఆ సంగతిని సూది వేయించుకోకముందే వైద్యునికి చెప్పాలి.