జంగమకోటె సీమయు జట్టభిమానమును : ఒక చారిత్రక పరిశీలనము

ఆట ఆడువారు కొందరు. దానిని చూచి ఆనందించువారు పెక్కురు. అయినను ఒక జట్టు గెలిచిన తానే గెలిచినట్లును, అది ఓడిన తన యింట నష్టము వాటిల్లినట్లును భావించువాడు ఈ రెండు తెగలలో దేనికిని చెందడు. అతడు మైదానమున కాలు మోపడు, జీతము పుచ్చుకొనడు, పైపెచ్చు తన సొమ్మును, కాలమును, నిద్రను వెచ్చించును. అట్టివానిని మనవారు వీరాభిమాని యందురు. భక్తిని వీరత్వముతో జోడించి శివభక్తుల కథలు చెప్పుకొనిన జాతి మనది గనుక ఈ పలుకుబడి మనకు సహజముగనే అబ్బినది.

ఈ వ్యాసమున విచారింపదలచిన ప్రశ్న యొక్కటియే: జట్టు ఎవరిది? ఇది చిన్న ప్రశ్నవలె కనబడినను, ఇంట నొక భాషయు, కచేరీలో మరియొక భాషయు వ్యవహరించు సీమలందు దీనికి సమాధానము చెప్పుట సులభము కాదు. శిడ్లఘట్ట తాలూకాలోని జంగమకోటె అట్టి సీమలోనిది. అది 2007లో కోలారు జిల్లానుండి విడివడిన చిక్కబళ్ళాపుర జిల్లాలో చేరినది. బాగేపల్లి, చింతామణి తాలూకాలతో కూడిన ఈ ప్రాంతమున తెలుగు అనేక గృహములలో మాతృభాష, కన్నడము రాష్ట్రభాష. చింతామణి తాలూకాలోని కైవారమున వెలసిన నారేయణ యతీంద్రులు, జనులు తాతయ్య యని పిలుచుకొను మహనీయుడు, రెండు భాషలయందును రచనలు చేసెను. ఇచ్చట రెండు భాషలు ఒకే నోట నిలుచుట వింత గాదు. కాని క్రీడామైదానమున ఒకే సమయమున రెండు జట్లు గెలువవు. బెంగళూరు, హైదరాబాదు జట్లు తలపడిన నాడు జంగమకోటె తెలుగువాడు ఎవరి పక్షము వహింపవలెను? తెలుగువాడై యుండి హైదరాబాదు ఓటమిని కోరుట తగునా యని కొందరు నిలదీయుట కలదు. ఈ నిందకు ఆధారమున్నదో లేదో చరిత్రవలన తెలిసికొనవలసి యున్నది.

మన దేశమున జట్టభిమానము తొలుత పెరిగినది భాష ననుసరించి కాదు, మతము ననుసరించి. బొంబాయిలో 1907 నుండి యూరోపియనులు, పార్సీలు, హిందువులు వేర్వేరు జట్లుగా క్రికెట్ పోటీలాడిరి. 1912లో ముస్లిముల జట్టు చేరినది. 1937లో తక్కిన మతములవారి జట్టు గూడ చేరి అవి పంచకోణపు పోటీలైనవి. ఈ పోటీల చరిత్రలో మిక్కిలి వెలిగిన పేరు ఒక తెలుగు కుటుంబీకునిదే. నాగపురమున 1895లో జన్మించిన కొఠారి కనకయ్య నాయుడు 1926 డిసెంబరు 1న, ఇంగ్లండునుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై హిందువుల పక్షమున ఆడి 153 పరుగులు చేసెను. అందు 11 సిక్సర్లు కలవు. 1932లో భారతదేశము తన మొదటి టెస్టు పోటీని లార్డ్సు మైదానమున ఆడినపుడు ఆయనయే నాయకుడు. అయినను బొంబాయి ప్రేక్షకులు ఆయనకు జేజేలు పలుకునపుడు ఆయన యింటిభాష ఏదని అడుగలేదు. పిమ్మట ఆయన ఇందూరు సంస్థానమున స్థిరపడి హోల్కరు జట్టును నడిపెను. 1953-54లో ఆంధ్ర జట్టు రంజీ పోటీలలో అడుగిడినపుడు దానికిని సారథ్యము వహించెను. ఒక మనుజుడు ఒక జీవితకాలమున మతమునకు, సంస్థానమునకు, దేశమునకు, రాష్ట్రమునకు ప్రతినిధియై ఆడెనన్నమాట. 1940లో గాంధీమహాత్ముడు మతములవారీ జట్లను ఖండించెను. 1945-46 తరువాత ఆ పోటీలు అంతరించినవి.

రెండవ దశలో అభిమానము నగరమును, కొలువును ఆశ్రయించెను. ఫుట్‌బాల్ ఆట ఇందుకు మంచి తార్కాణము. బొంబాయిలో 1891లో ఆరంభమైన రోవర్సు కప్పు చిరకాలము బ్రిటిషు సైనిక దళముల చేతులలోనే యుండెను. 1937లో దానిని గెలిచి, ఆ వరుసను తెంచినది బెంగళూరు ముస్లిమ్స్ జట్టు. మరుసటి యేడు గూడ ఆ జట్టే గెలిచినది. అటుపిమ్మట హైదరాబాదు వంతు వచ్చెను. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు ఐదు సంవత్సరములు వరుసగా రోవర్సు కప్పును గెలిచినది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలోను, 1962 జకార్తా ఆసియా క్రీడలలోను భారతదేశమునకు స్వర్ణపతకములు తెచ్చిన జట్లకు ఆయనయే శిక్షకుడు. 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో నాల్గవ స్థానము పొందిన జట్టును గూడ ఆయనయే నడిపెను. 1963 జూన్ 11న మరణించునంతవరకు ఆయన ఆటగాండ్రను తీర్చిదిద్దుట మానలేదు. ఆ పోలీసు జట్టులోని వారు ఆ నగరపు కొలువులో నున్నవారు. జట్టునకు పేరిచ్చిన ఊరును, ఆటగాండ్రు జీతము తీసికొను ఊరును ఒక్కటియే. అభిమానికిని ఆటగానికిని నడుమ నుండు దూరము నాడు మిక్కిలి తక్కువ.

మూడవ దశ రాష్ట్రములది. 1956 నవంబరు 1న జరిగిన పునర్వ్యవస్థీకరణమున కోలారు జిల్లా మైసూరు రాష్ట్రముననే నిలిచెను. తత్ఫలితముగ జంగమకోటె సీమవారికి మైసూరు జట్టే సొంత జట్టయ్యెను. 1973 నవంబరు 1న మైసూరు రాష్ట్రమునకు కర్ణాటకమను పేరు వచ్చినది. ఆ క్రీడాఋతువుననే యొక విశేషము జరిగినది. 1958-59 మొదలు పదునైదేండ్లు వరుసగా రంజీ ట్రోఫీని గెలుచుకొనిన బొంబాయి జట్టును, బెంగళూరులో జరిగిన సెమీఫైనలున ప్రసన్న నాయకత్వమున కర్ణాటకము నిలువరించినది. పిదప ఫైనలున రాజస్థానును ఓడించి మొదటిసారి ఆ ట్రోఫీని గైకొనినది. కొత్త పేరు పెట్టుకొనిన రాష్ట్రమునకు కొన్ని నెలలలోనే ఒక విజయము దానితో జతపడెను. రాష్ట్రమును పటముమీద గీయుట ప్రభుత్వముల పని. దానిని జనుల మనసున గీయుటలో ఇట్టి విజయములకు గూడ పాలు కలదు.

ఇచ్చట ఒక ముఖ్యమైన అంశమును గమనింపవలెను. తెలుగు నాటనే జట్టును, భాషయు ఒక్కటిగ లేవు. 1956 నుండి 2014 వరకు ఆంధ్రప్రదేశము ఒకే రాష్ట్రముగ నుండినను, రంజీ పోటీలలో హైదరాబాదు, ఆంధ్ర అను రెండు వేర్వేరు జట్లు ఆడుచునే వచ్చినవి. 1937-38లోను, 1986-87లోను రంజీ ట్రోఫీని గెలిచిన హైదరాబాదు, సమస్త తెలుగువారి జట్టుగ కాక హైదరాబాదు జట్టుగనే గెలిచినది. విజయవాడ తెలుగువానికే హైదరాబాదు జట్టు తప్పనిసరి గానపుడు, జంగమకోటె తెలుగువానికి మాత్రము అది విధి యెట్లగును?

నాల్గవ దశ వ్యాపారముది. 2008లో ఇండియన్ ప్రీమియర్ లీగు ఆరంభమై నగరముల పేర జట్లు వేలమున విక్రయింపబడినవి. ఆటగాండ్రును వేలమున వచ్చినవారే. వారి ఊరేదైనను కావచ్చును. మొదటి సంవత్సరము హైదరాబాదు వారి డెక్కన్ ఛార్జర్స్ కడపటి స్థానమునను, బెంగళూరు వారి రాయల్ ఛాలెంజర్స్ దానికి పైమెట్టునను నిలిచినవి. వింత యేమనగా, మరుసటి యేడు ఆ రెండు జట్లే ఫైనలునకు చేరినవి. 2009 మే 24న దక్షిణాఫ్రికాలోని జొహానెస్బర్గున హైదరాబాదు 6 పరుగులతో గెలిచినది. 2016 మే 29న బెంగళూరు చిన్నస్వామి స్టేడియముననే జరిగిన ఫైనలున మరల హైదరాబాదు జట్టే, ఈసారి సన్‌రైజర్స్ అను పేరుతో, 8 పరుగులతో బెంగళూరును ఓడించినది. రెండు పర్యాయములు, పదునాలుగు పరుగుల తేడాలో, బెంగళూరు అభిమాని ఆశ భగ్నమైనది.

2009లో గెలిచిన డెక్కన్ ఛార్జర్స్ ఇపుడు లేదు. 2012లో దాని ఒప్పందము రద్దు గాగా, చెన్నై కేంద్రముగ గల సన్ సంస్థ కొత్త జట్టును కొనినది. పాత జట్టు జెండా పట్టిన హైదరాబాదు అభిమానిని అడిగినవారు లేరు. అమెరికా దేశమున ఇంతకంటె కఠినమైన దృష్టాంతము కలదు. కోడిగ్రుడ్డువలె కోసుగానుండు బంతిని చేతబట్టి పరుగెత్తు వారి ఫుట్‌బాల్ ఆటలో బాల్టిమోరు కోల్ట్సు పేరుపొందిన జట్టు. 1984 మార్చి 28 రాత్రి యజమాని దాని సామగ్రినంతయు లారీల కెత్తించి ఇండియానాపొలిసు నగరమునకు తరలించెను. తెల్లవారునప్పటికి ఊరికి జట్టు లేదు. కాని ఆ జట్టునకు చెందిన వాద్యబృందము మాత్రము చెదరలేదు. జట్టు లేకయే వారు పండ్రెండేండ్లు వాయించుచు వచ్చిరి. 1996లో ఆ యూరికి మరియొక జట్టు వచ్చినది. వీరశైవ పరిభాషలో కదలునది జంగమము, నిలుచునది స్థావరము. అచ్చట జట్టు జంగమమైనది. అభిమానమే స్థావరమై నిలిచినది.

ఆ దేశముననే దీనికి విరుద్ధమైన దృష్టాంతము గూడ కలదు. విస్కాన్సిన్ రాష్ట్రములోని గ్రీన్ బే లక్షకు కొంచెము పైబడిన జనాభా గల చిన్న పట్టణము. 1919లో అచ్చట వెలసిన ప్యాకర్స్ జట్టు ఆర్థికపు చిక్కులలో పడినపుడు 1923లో వాటాలను ఊరివారికి అమ్మిరి. నేడు ఐదు లక్షలకు పైగా వాటాదారులు దానికి సొంతదారులు. ఆ వాటాలకు లాభాంశము లేదు. వానిని బజారున అమ్ముకొనుటకు వీలు లేదు. నిర్వాహకుల నెన్నుకొను ఓటు మాత్రము కలదు. లాభమాశించువాడు అట్టి కాగితమును కొనడు. అభిమాని మాత్రమే కొనును. మహానగరముల జట్ల నడుమ ఆ చిన్నయూరి జట్టు పదమూడు పర్యాయములు విజేతయై నిలిచినది. దానిని ఎవరును రాత్రికి రాత్రి తరలింపజాలరు.

బెంగళూరు అభిమానికి అట్టి వాటా లేదు. అతనికున్నది ఒక నినాదము మాత్రమే: ‘ఈ సల కప్ నమ్దే’. ఈసారి కప్పు మనదే యని భావము. ఈ మాటను తెనిగించునపుడు ఒక చిక్కు కలదు. కన్నడమున ‘నమ్మ’ అను మాట యొక్కటియే. తెలుగున ‘మా’ వేరు, ‘మన’ వేరు. ‘మాది’ యన్నపుడు వినువానికి అందు పాలు లేదు. ‘మనది’ యన్నపుడు కలదు. పై చరిత్రనంతను ఈ రెండు మాటలతో కొలువవచ్చును. మతముల జట్లు ‘మావి’ యని వేరుపరచినవి. రహీం పంతులు తీర్చిన జట్టు ‘మనది’ యని ఊరిని కలిపినది. జంగమకోటె తెలుగువాడు బెంగళూరు గెలుపును కోరునపుడు అతడు ‘మనది’ యనుచున్నాడు. తన పట్టుగూళ్ళను కొను, తన బిడ్డలకు చదువును, కొలువును ఇచ్చు నగరముతో తనకు గల పొత్తును అతడు అట్లు చెప్పుకొనుచున్నాడు. అందువలన అతని తెలుగునకు లోపము రాదు. అటులనే అతని పొరుగువాడు, ఆ వీధివాడే, హైదరాబాదు పక్షము వహించిన కర్ణాటకమునకు ద్రోహి గాడు.

పదునెనిమిదవ ప్రయత్నమున, 2025 జూన్ 3న, అహమ్మదాబాదులో పంజాబుపై 6 పరుగులతో గెలిచి బెంగళూరు జట్టు మొదటిసారి కప్పు నందినది. మరునాడు చిన్నస్వామి స్టేడియమున విజయోత్సవమని వినిన జనులు తండోపతండములుగ తరలివచ్చిరి. సుమారు 35,000 మంది పట్టు స్థలమునకు లక్షలాదిగ వచ్చిరి. ద్వారములయొద్ద జరిగిన తొక్కిసలాటలో 11 మంది మరణించిరి. వారిలో పెక్కురు యువజనులు. పదునేడేండ్ల నిరీక్షణ ఫలించిన సంతోషము ఒక్క దినమైన నిలువలేదు.

ఈ దుర్ఘటనను అభిమానుల ఉన్మాదమని తోసిపుచ్చుట న్యాయము గాదు. తన ఊరి జట్టు విజయమును తన కన్నులతో చూడవలెనని వచ్చుట తప్పెట్లగును? లోపమున్నది వారి ప్రేమయందు కాదు. ఆ ప్రేమ యెంతటిదో లెక్కింపని యేర్పాట్లయందు. టిక్కెట్టు కొనునపుడును, ప్రకటనలు చూచునపుడును అభిమాని లెక్కకు వచ్చును. ద్వారములు ఎన్ని తెరువవలెను, జనము ఏ దారిన రావలెను, ఏ దారిన పోవలెనను విచారణలో గూడ అతడు లెక్కకు రావలెను. గ్రీన్ బే వాటాదారునకు గల ఓటు మన అభిమానికి లేకపోవచ్చును. క్షేమముగ ఇల్లు చేరు హక్కు మాత్రము ఎల్ల అభిమానులకును కలదు.

కావున జట్టు ఎవరిదను ప్రశ్నకు చరిత్ర చెప్పు సమాధానము స్పష్టమే. మతము, సంస్థానము, కొలువు, రాష్ట్రము, వ్యాపారము ఒకదాని వెనుక నొకటి జట్టును తమ సొత్తుగ చెప్పుకొనినవి. వానిలో ఏదియు దానిని పూర్తిగ గైకొనలేదు. భాషయు గైకొనజాలదు. జంగమకోటెలోని తెలుగు పిల్లవాడు ఇంట తెలుగున ముచ్చటించుచు, మైదానమున కన్నడమున కేకలు వేసినచో తల్లిదండ్రులు చింతింపనక్కరలేదు. కైవార తాతయ్య పుట్టిన సీమకు అది పాత సంప్రదాయమే. అయితే కేకలు వేసి వచ్చిన పిమ్మట ఆ పోటీ కథను ఇంటివారికి తెలుగున చెప్పగలుగుట మాత్రము అవసరము. ఆ పని జట్లవలన గాని, స్టేడియములవలన గాని జరుగునది కాదు; అది యింటివారివలనను, బడివలనను జరుగవలసినది.