రోడ్డు మీద ఆడమనిషి లెక్క

రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దాటాక అలియాబాద్ చౌరస్తా వస్తుంది. అక్కడి నుంచి ఒక దారి లాల్‌గడి మలక్‌పేట వైపు చీలుతుంది. ఇంకా ముందుకు పోతే తుర్కపల్లి, జీనోమ్ వ్యాలీ. కరీంనగర్ బస్సులు, కంపెనీల షిఫ్టు వాహనాలు, కంకర టిప్పర్లు, రాంగ్‌సైడులో దూసుకొచ్చే ఆటోలు అన్నీ ఇక్కడే కలుస్తాయి. పొద్దున పూట అక్కడ రోడ్డు దాటడానికి నిలబడేవాళ్లను చూడండి. కూలికి పోయే స్త్రీలు, కంపెనీకి పోయే ఆడపిల్లలు, బడిపిల్లల చేతులు పట్టుకున్న తల్లులు. వాళ్లను చూసి బ్రేకు మీద కాలు పెట్టే డ్రైవరు అరుదు. హారను మాత్రం అందరూ కొడతారు. పైగా "కనబడతలేదా?" అని ఒక కేక. కనబడాల్సింది ఎవరికి?

అలియాబాద్ 2025లో గ్రామపంచాయతీ నుంచి మునిసిపాలిటీ అయింది. 2024 మార్చిలో సికింద్రాబాద్ నుంచి శామీర్‌పేట ఓఆర్ఆర్ దాకా సుమారు 18 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్‌కు శంకుస్థాపన జరిగింది. ఆ కారిడార్ రింగు రోడ్డు దగ్గర ఆగిపోతుంది, అలియాబాద్ రింగు రోడ్డుకు బయట ఉంది. అంటే పైనుంచి వేగంగా వచ్చినవన్నీ కిందికి దిగి ఇటే వస్తాయి. వేగాన్ని కొలిచే ఇంజనీరింగు మనకు చాలానే ఉంది. రోడ్డు దాటే ఆడమనిషికి ఎన్ని నిమిషాలు పడుతుందో ఏ ప్రాజెక్టు నివేదికకైనా అక్కర ఉందా?

నేను ఇక్కడ మాట్లాడదలచుకున్నది ట్రాఫిక్ చికాకు గురించి మాత్రమే కాదు. రోడ్డు చట్టం ఇన్నేళ్లుగా స్త్రీని ఎక్కడ కూర్చోబెట్టింది, చచ్చిపోతే ఎంత లెక్క కట్టింది అన్నది ఒక చరిత్ర. దాన్ని మనం పెద్దగా చదువుకోలేదు.

మన ప్రాంతంలో ప్రభుత్వ బస్సు 1932 జూన్‌లో మొదలైంది. నిజాం స్టేట్ రైల్వేలో భాగంగా 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. ఆర్టీసీ బస్సు నంబరు ప్లేటు మీద కనిపించే 'జడ్' అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని చెప్పుకుంటారు. నిజమైతే బాగుండును! బస్సు నుదుట ఒక తల్లి పేరు, లోపల మాత్రం ముందువైపు కొన్ని వరసల సీట్లు, వాటి కోసం రోజూ తగవు. "స్త్రీలకు కేటాయించిన సీట్లు" అని రాసి ఉన్న చోట మగవాళ్లు కూర్చుని కిటికీలోంచి బయటకు చూస్తూ ఉండడం ఒక కళ. లేవమని అడిగితే మనమే గయ్యాళులం.

ఇక టూ వీలర్. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన ఒకటుంది. మోటారు సైకిలు వెనుక కూర్చునేవారికి పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు, బట్టలు చక్రంలో చిక్కుకోకుండా కనీసం సగం చక్రాన్ని కప్పే రక్షణ ఉండాలని అది చెబుతుంది. జనం దాన్ని 'శారీ గార్డు' అన్నారు. నిబంధన మంచిదే, ఎన్నో ప్రాణాలు కాపాడి ఉంటుంది. కానీ ఆ జనం పేరులోనే మొత్తం బొమ్మ ఉంది. బండి అతనిది, చీర ఆమెది, ఆమె వెనకసీటులో ఒక పక్కకు తిరిగి కూర్చుంటుంది. ఢిల్లీలోనైతే 2014 దాకా స్త్రీలకు హెల్మెట్ ఐచ్ఛికమే. ఆడవాళ్ల తలకాయ పగిలినా పరవాలేదన్నంత ఉదారమైన మినహాయింపు!

స్త్రీ బతికి ఉండగా ఆమె స్థానం ఇది. చనిపోతే?

1855లో బ్రిటిష్ ప్రభుత్వం ఫాటల్ యాక్సిడెంట్స్ యాక్టు తెచ్చింది. అంతకుముందు ఇంగ్లీషు న్యాయసూత్రం ప్రకారం మనిషి చావుతో దావా కూడా చచ్చిపోయేది. ఈ చట్టం భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లల కోసం నష్టపరిహారం అడిగే దారి తెరిచింది. అయితే అడగగలిగేది ఆ చావు వల్ల వాళ్లకు కలిగిన ఆర్థిక నష్టాన్ని. జీతం ఉన్నవాడి చావుకు లెక్క సులువు. పొద్దున నాలుగింటికి లేచి రాత్రి పదకొండింటికి పడుకునే మనిషి పోతే ఎంత నష్టం? ఆమెకు జీతం లేదు కాబట్టి నష్టం లేదని వాదించడానికి ఇన్సూరెన్సు కంపెనీల వకీళ్లకు ఎన్నో దశాబ్దాలు చాలా తేలికైంది.

1956 సవరణతో పరిహారం కోసం ప్రత్యేక ట్రిబ్యునళ్లకు వీలు కలిగింది. 1988 చట్టం 1989 జూలై 1న అమల్లోకి వచ్చింది. 1994లో దానికి 163ఎ సెక్షన్, రెండో షెడ్యూలు చేర్చారు. డ్రైవరు తప్పు రుజువు చేయనక్కర లేకుండా ఒక పట్టిక ప్రకారం పరిహారం ఇచ్చే ఏర్పాటు అది, పేదలకు మేలైనదే. కానీ ఆ షెడ్యూలులో సంపాదన లేనివారి ఊహా ఆదాయం ఏడాదికి 15,000 రూపాయలు. సంపాదించని జీవిత భాగస్వామి చనిపోతే, బతికున్న భాగస్వామి సంపాదనలో మూడో వంతు. అంటే ఒకే చాకిరీ చేసే ఇద్దరు స్త్రీలలో గుమాస్తా భార్య చావు ఖరీదు వేరు, ఇంజనీరు భార్య చావు ఖరీదు వేరు. ఆమె పనికి కట్టిన విలువ కాదది, ఆమె మొగుడి జీతానికి కట్టిన విలువ. కూలివాడి భార్య అయితే ఇంకా చెప్పేదేముంది. మూడో వంతే ఎందుకు, సగం ఎందుకు కాదు అని కూడా ఆ షెడ్యూలు చెప్పదు. ఈ పట్టిక 2018 దాకా అలాగే ఉంది. పప్పు ధర, కిరాయి, బస్సు చార్జీ అన్నీ పెరిగాయి, ఆ పదిహేను వేలు మాత్రం పెరగలేదు.

కోర్టుల లోపల గొడవ మొదలు కాలేదని కాదు. 2001లో లతా వాధ్వా కేసులో సుప్రీంకోర్టు గృహిణి సేవలకు నెలకు 3,000 రూపాయలు లెక్క కట్టింది. అది రోడ్డు ప్రమాదం కాదు, 1989లో జంషెడ్‌పూర్‌లో జరిగిన అగ్నిప్రమాదం. తర్వాత రోడ్డు కేసుల్లో కూడా ఆ అంకెనే వాడుతూ వచ్చారు. 2010లో అరుణ్ కుమార్ అగ్రవాల్ కేసు వచ్చింది. గృహిణి చావుకు కింది కోర్టులు ఇచ్చింది రెండున్నర లక్షలు, సుప్రీంకోర్టు దాన్ని ఆరు లక్షలు చేసింది. డబ్బు కంటే ముఖ్యమైనది జస్టిస్ గంగూలీ విడిగా రాసిన తీర్పు. 2001 జనాభా లెక్కలు గృహిణులను ఉత్పాదక పని చేయనివాళ్లుగా, బిచ్చగాళ్లతో, సెక్స్ వర్కర్లతో, ఖైదీలతో కలిపి ఒకే గదిలో వేశాయని ఆయన ఎత్తి చూపారు. ఇక్కడ నాకొక అభ్యంతరం ఉంది. ఆ జాబితాను అవమానంగా చూపించినప్పుడు మిగతా వాళ్ల అవమానం మాటేమిటి? సెక్స్ వర్కరు చేసేది పని కాదా? అయినా గృహిణి లెక్క ప్రశ్నను అంత బలంగా తీర్పులోకి తెచ్చినందుకు ఆ పేజీలు చదివి తీరాలి.

2021 జనవరి 5న కీర్తి కేసు తీర్పులో అప్పటి న్యాయమూర్తి ఎన్.వి. రమణ మరింత దూరం వెళ్లారు. ఢిల్లీలో 2014లో మోటారు సైకిలు మీద పోతున్న దంపతులను కారు గుద్దితే ఇద్దరూ చనిపోయారు. ట్రిబ్యునలు ఇచ్చిన 40.71 లక్షలను హైకోర్టు 22 లక్షలకు కోస్తే, సుప్రీంకోర్టు 33.20 లక్షలు చేసింది. అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరం నుంచి వచ్చిన ఈ తెలుగు న్యాయమూర్తి తన తీర్పులో 2019 కాల వినియోగ సర్వేను ఉదహరించారు. ఇంటి కోసం జీతం లేని పని స్త్రీలు రోజుకు 299 నిమిషాలు చేస్తే, పురుషులు 97 నిమిషాలు చేస్తారు. గృహిణికి భవిష్యత్తులో ఆదాయం పెరిగే అవకాశాన్ని కూడా లెక్కలో కలపాలని ఆ తీర్పు చెప్పింది. స్త్రీవాదులు ఎన్నో ఏళ్లుగా రాస్తూ వచ్చినది చివరికి ఒక ప్రమాద బీమా కేసులో పైకోర్టు కలం కిందికి వచ్చిందన్నమాట. ఎవరో చచ్చిపోతే గాని మన చాకిరీకి అంకె దొరకలేదు.

ఈ తీర్పులు మన చౌరస్తాలకు ఎంత చేరాయి? నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఇదే శామీర్‌పేటలో ఉంది. రోజూ ఈ చట్టాలు పాఠాలుగా నడిచే చోటుకు పక్కనే, రోడ్డు మీద ట్రాఫిక్ కానిస్టేబులు బండి తాళం లాక్కుంటే నోరు మెదపని స్త్రీలు ఎందరో. యూనిఫారంలో ఉన్న అధికారి అడిగితే లైసెన్సు చూపించాలి, అది 130వ సెక్షన్. తాళం చెవి లాక్కోమని మాత్రం ఏ సెక్షనూ చెప్పదు. ఫోన్లో డిజిలాకర్‌లో ఉన్న లైసెన్సు కూడా చెల్లుతుంది. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు స్త్రీని అరెస్టు చేయాలంటే అసాధారణ పరిస్థితి, మహిళా అధికారి, మేజిస్ట్రేటు అనుమతి కావాలన్న నియమం 2005 సవరణతో వచ్చింది, కొత్త చట్టంలోనూ ఉంది.

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌గేటు వద్ద జరిగినది ఎవరమూ మరచిపోలేదు. ఒక యువతి స్కూటరు టైరు, ఆ తర్వాత జరిగిన ఘోరం. వెతుకుతూ వెళ్లిన కుటుంబానికి మొదట ఎదురైన మాట "మా స్టేషను పరిధి కాదు" అన్నది. ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. పరిధి ఏదైనా ఫిర్యాదు తీసుకుని ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయాల్సిందేనన్న జీరో ఎఫ్.ఐ.ఆర్. గురించి చాలామంది మొదటిసారి విన్నది అప్పుడే. రోడ్డు మీద ఆడమనిషి ఒంటరిగా ఆగడం కూడా ప్రమాదమే అయినప్పుడు, పంక్చరైన టైరు ట్రాఫిక్ సమస్య ఎలా అవుతుంది?

2023 డిసెంబరు 9న తెలంగాణలో స్త్రీలకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం మొదలైంది. "పని లేకుండా తిరుగుతున్నారు" అన్న వెక్కిరింపులు ఆ వారంలోనే మొదలయ్యాయి. 2025 నవంబరు 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొట్టి 19 మంది చనిపోయారు, వారిలో చాలామంది స్త్రీలు. జీరో టికెట్టు మీద ప్రయాణిస్తున్నంత మాత్రాన పరిహారం అడిగే హక్కు పోదు. ఇది బస్సులో పక్క సీటు ఆమెకు చెప్పాల్సిన మాట.

ఇంకొకటి కూడా చెప్పాలి. ప్రమాదం చేసిన డ్రైవరు గాయపడినవారికి వైద్య సహాయం అందించాలని 134వ సెక్షన్ చెబుతుంది. సాయం చేసినవారిని వేధించకుండా రక్షణ ఇచ్చే 134ఎ 2019 సవరణతో వచ్చింది. గుద్దిన వాహనం ఏదో తెలియకుండా పోతే, 2022 ఏప్రిల్ 1 నుంచి చావుకు 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు ఉన్నాయి. అంతకుముందు ఇవి 25 వేలు, పన్నెండున్నర వేలు.

అయితే అదే 2022 ఏప్రిల్ 1 నుంచి ట్రిబ్యునలులో దరఖాస్తుకు ఆరు నెలల గడువు తిరిగి వచ్చింది. 1994లో తీసేసిన గడువు అది. భర్తో, కూతురో పోయిన ఇంట్లో ఆరు నెలలు ఎలా గడుస్తాయో తెలిసినవారెవరూ దీన్ని రాసి ఉండరు. కర్మకాండలు, అప్పులు, మరుదుల చేతుల్లో కాగితాలు, బయటకు పోకూడదన్న ఆంక్షలు. ఎఫ్.ఐ.ఆర్. నకలు తన చేతికి రాకుండానే చాలామందికి ఆ కాలం అయిపోతుంది. కొత్త నియమాల ప్రకారం పోలీసులు మొదటి నివేదికను 48 గంటల్లో ట్రిబ్యునలుకు పంపాలి, పూర్తి నివేదికను 90 రోజుల్లో ఇవ్వాలి. స్టేషనుకు వెళ్లి ఆ నివేదిక పోయిందా లేదా అని అడగడం, నకలు తీసుకోవడం ఆ ఇంటి స్త్రీ చేయదగిన పని. దరఖాస్తులో చనిపోయిన వ్యక్తి వృత్తి, ఆదాయం రాయమని గడులు ఉంటాయి. చనిపోయింది గృహిణి అయితే వృత్తి గడిలో గీత పెట్టి వదిలేయకుండా, ఆమె ఇంట్లో, చేలో, పశువుల దగ్గర, ముసలివాళ్ల దగ్గర చేసిన పనులన్నీ వకీలు చేత రాయించాలి.