పళ్ళచక్రం చెప్పే చరిత్ర



మోటారు సైకిలు వెనుక చక్రానికి బిగించిన పళ్ళ ఇనుప బిళ్ళను మీరు చూసే ఉంటారు. ఇంజను పక్కన అలాంటిదే చిన్నది మరొకటి ఉంటుంది. రెంటినీ గొలుసు కలుపుతుంది. ఈ పళ్ళచక్రాన్నే మెకానిక్కులు స్ప్రాకెట్ అంటారు. వెనుక పెద్ద స్ప్రాకెట్ వేయిస్తే బండికి బలం పెరుగుతుందని మా బడిలో పై తరగతుల కుర్రవాళ్ళు గట్టిగా నమ్ముతారు. ఈ నమ్మకంలో నిజమెంతో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1870 ప్రాంతంలో ఇంగ్లండులో ఎత్తు చక్రపు సైకిళ్ళు ఉండేవి. వాటి పెడళ్ళు ముందు చక్రపు ఇరుసుకే ఉండేవి. కాలు ఒక చుట్టు తిప్పితే చక్రమూ ఒక్క చుట్టే తిరిగేది. మరి వేగం పెరగాలంటే? చక్రాన్నే పెద్దది చేయాలి. అలా ముందు చక్రం ఒకటిన్నర మీటరు ఎత్తుదాకా పెరిగింది. అంతకుమించి పెంచుదామంటే మనిషి కాలు అందదు. పైగా, చక్రానికి చిన్న రాయి అడ్డం పడినా తొక్కేవాడు తలకిందులుగా పడేవాడు.

ఈ చిక్కును విడదీసింది గొలుసే. 1880లో మాంచెస్టరులో హాన్స్ రెనాల్డ్ దృఢమైన రోలర్ గొలుసును రూపొందించాడు. 1885లో కోవెంట్రీకి చెందిన జాన్ కెంప్ స్టార్లీ తన రోవర్ సైకిలుతో గొలుసు పద్ధతికి స్థిరమైన రూపమిచ్చాడు. పెడళ్ళ దగ్గర 44 పళ్ళు, వెనుక చక్రం దగ్గర 22 పళ్ళు ఉన్నాయనుకోండి. కాలు ఒక చుట్టు తిరిగితే చక్రం రెండు చుట్లు తిరుగుతుంది. అంటే 28 అంగుళాల చక్రం 56 అంగుళాల చక్రం చేసే పని చేస్తుంది. చక్రం చిన్నదైనా వేగం తగ్గలేదు, పడిపోయే భయం మాత్రం తగ్గింది.

మోటారు బండ్లలో ఈ లెక్క తిరగబడింది. మనిషి కాలు నెమ్మది, ఇంజను మహా వేగం. అందుకని ఇంజను దగ్గర చిన్న పళ్ళచక్రం, వెనుక పెద్దది పెట్టారు. ముందు 14 పళ్ళు, వెనుక 42 ఉన్నాయనుకుందాం. ముందుది మూడు చుట్లు తిరిగితే వెనుక చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. ఇప్పుడు వెనుక 42 తీసి 56 వేశాం. మూడు చుట్లకు బదులు నాలుగు కావాలి. ఇంజను తిరిగే వేగం మారకపోతే బండి వేగం నాలుగింట మూడు వంతులకు పడిపోతుంది. చక్రం నేలను తోసే బలం మాత్రం మూడింట ఒక వంతు పెరుగుతుంది. బండి చటుక్కున కదులుతుంది, ఎత్తు ఎక్కుతుంది. అయితే ఇంజను బలం వీసమెత్తు కూడా పెరగలేదని గమనించండి. ఉన్న బలాన్నే వేగం నుంచి లాగుడులోకి మళ్ళించాం, అంతే.

ఈ చిన్న లెక్క ఒకప్పుడు ఒక పెద్ద కంపెనీకి దారి చూపించింది. జపానులో హోండావారు 1958లో సూపర్ కబ్ అనే 49 సి.సి. బండిని విడుదల చేశారు. దాని బలం నాలుగున్నర హార్స్‌పవర్. 1959లో అమెరికాలోని లాస్ ఏంజెలిస్‌లో దుకాణం తెరిచారు. అది రోడ్ల కోసం చేసిన బండి. అయితే కొంతకాలానికి, అమ్మకాలు చూసే జాక్ మెకార్మాక్‌కు ఒక వింత కనబడింది. ఐడహో రాష్ట్రంలోని బోయిసీ అనే చిన్న ఊళ్ళో ఒక్క వ్యాపారి, లాస్ ఏంజెలిస్‌లోని ఆరుగురు వ్యాపారులూ కలిసి అమ్మినదానికంటే ఎక్కువ బండ్లు అమ్ముతున్నాడు!

ఆ వ్యాపారి పేరు హెర్బ్ ఉల్. ఆయన చేసిందల్లా రెండు పనులు. వెనుక పెద్ద స్ప్రాకెట్ వేశాడు, బుడిపెల టైరు తొడిగాడు. రోడ్డు బండి కాస్తా కొండదారులు ఎక్కే బండి అయింది. ఆ ఊరివాళ్ళకు కావలసింది నగర వేగం కాదు, అడవి బాటల్లో ఆగకుండా లాగే బండి. హోండావారు దీన్ని గ్రహించి, 1961లో ట్రెయిల్ 50 పేరుతో అలాంటి బండినే కర్మాగారంలో తయారు చేయించారు.

కానీ అవ్వా కావాలి, బువ్వా కావాలంటే కుదరదు కదా! కొండకు పనికొచ్చే పెద్ద పళ్ళచక్రం చదును రోడ్డు మీద బండిని వెనక్కి లాగుతుంది. ఇంజను రొద పెడుతుంది గాని దూరం సాగదు. అందుకే ఆ తర్వాతి ట్రెయిల్ బండ్లలో వెనుక చక్రానికి రెండు స్ప్రాకెట్లు పెట్టారు, ఒకటి రోడ్డుకు, ఒకటి కొండకు. తర్వాత గేరుపెట్టె దగ్గరే మీటతో మార్చుకునే ఏర్పాటు వచ్చింది.

మన హోసూరు శ్రోతలకు ఇంకో ఉదాహరణ చెప్పవచ్చు. 1980లో మీ ఊరి కర్మాగారం నుంచే టీవీఎస్ 50 మోపెడ్ వచ్చింది. దానికి మార్చుకునే గేర్లు లేవు. ఇద్దరిని మోస్తూ కదలడానికీ, రోడ్డు మీద సాగడానికీ ఒకే నిష్పత్తి. ఆ ఒక్క నిష్పత్తిని తూచి నిర్ణయించడంలోనే తయారుచేసినవారి నేర్పంతా ఉంది.

కాబట్టి మీ ఇంట్లో కుర్రవాడు స్ప్రాకెట్ మార్పిస్తానంటే కోప్పడకండి. ఎక్కడ నడపడానికని అడగండి. ముందు ఉన్న 14 పళ్ళలో ఒక్కటి తగ్గించడం వెనుక ఉన్న 42కు మూడు కలపడంతో దాదాపు సమానమని చెప్పండి. ముందు చక్రం మరీ చిన్నదైతే గొలుసు గట్టిగా వంగి త్వరగా అరుగుతుందని, వెనుకది పెద్దదైతే గొలుసు పొడవు చాలకపోవచ్చని, కొన్ని బండ్లలో స్పీడోమీటరు తప్పు చూపుతుందని కూడా చెప్పండి. లాగుడు పెరిగిన బండి మొదటి గేరులో ముందు చక్రాన్ని పైకి లేపే ప్రమాదం ఉంది. అది కొత్తవాడి చేతిలో మంచిది కాదు.

బోయిసీ వ్యాపారి కొత్త ఇంజను కనిపెట్టలేదు. తన ఊరి దారి ఎలాంటిదో చూసి, దానికి తగిన పళ్ళు లెక్కపెట్టాడు. మన పిల్లలకు భిన్నాలు, నిష్పత్తులు నేర్పేటప్పుడు ఒక్కసారి వాళ్ళను సైకిలు దగ్గరికి తీసుకెళ్ళి పళ్ళు లెక్కపెట్టమందాం. ఆ లెక్క వాళ్ళు జన్మలో మరిచిపోరు.

సెలవు.