హ్యామ్ రేడియో యాంటెనా స్తంభాలు: గోదావరి అటవీ సీమ

లైసెన్సు తీసుకుని సొంత సరదాకు, అవసరానికి వైర్‌లెస్ కేంద్రం నడుపుకునేవారిని హ్యామ్‌లు అంటారు. వారి యాంటెనాలను ఎత్తున నిలిపే వెదురు గడలు, జీఐ పైపులు, ఇనుప చట్రాల టవర్లే యాంటెనా స్తంభాలు. ఖమ్మం నుంచి భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా, బీజాపూర్ జిల్లాల దాకా ఉన్నదంతా కొండలు, టేకు, వెదురు, మధ్యలో గోదావరి. ఇక్కడ స్తంభం నిలబెట్టేవారు పట్నపు డాబా మీద నిలబెట్టేవారికంటే ఎక్కువ లెక్కలు వేసుకోవాలి. చాలాసార్లు ఆ లెక్క తేల్చేది టవర్ అక్కరలేదనే.

చరిత్ర

రేడియో ఎంత పాతదో స్తంభాలు కూలడమూ అంత పాతది. మార్కోనీ 1901లో ఇంగ్లండ్‌లోని పోల్డూలో 200 అడుగుల స్తంభాలు ఇరవై వలయంగా నిలబెట్టాడు. అదే ఏడు సెప్టెంబరులో గాలివానకు అవన్నీ పడిపోయాయి. రెండు స్తంభాలతో సరిపెట్టుకుని డిసెంబరు 12న అట్లాంటిక్ అవతలికి సంకేతం పంపించాడు. న్యూఫౌండ్‌లాండ్‌లో దాన్ని అందుకున్న యాంటెనాకు స్తంభమే లేదు. గాలిపటానికి కట్టి ఎగరేసిన తీగ అది.

మన దేశంలో తొలి హ్యామ్‌గా 1921లో లైసెన్సు పొందిన అమరేంద్ర చంద్ర గుప్తూ పేరు చెబుతారు. 1929 నుంచి భారతీయ కేంద్రాల పేర్లు 'వీయూ' అక్షరాలతో మొదలవుతున్నాయి. రెండో ప్రపంచ యుద్ధం రాగానే బ్రిటిష్ ప్రభుత్వం కొత్త లైసెన్సులు ఆపి, ఉన్న ట్రాన్స్‌మిటర్లను పోలీసులకు అప్పగించమంది. స్వాతంత్ర్యం వచ్చాక 1948 మే 15న మహూలోని సైనిక సిగ్నల్స్ పాఠశాలలో అమెచ్యూర్ రేడియో క్లబ్ ఆఫ్ ఇండియా మొదలైంది. 1954లో అది అమెచ్యూర్ రేడియో సొసైటీ ఆఫ్ ఇండియా అయింది.

ఆ రోజుల్లో సెట్లు ఎక్కువగా సైన్యం అమ్మేసిన పాత సరుకే. స్తంభాలకు ఆ మాత్రం సరుకూ లేదు. చెట్టో, వెదురు గడో, నీళ్ల పైపో దొరికితే చాలు, వాటి మధ్య డైపోల్ తీగ కట్టేవారు. 7 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడే డైపోల్ పొడవు సుమారు 20 మీటర్లు. రెండు చివర్లనూ, మధ్య భాగాన్నీ పది మీటర్ల ఎత్తుకు లేపగలిగితే పని నడుస్తుంది.

దక్షిణాదిలో ఈ సరదాకు ఊపు వచ్చింది ఎనభైల్లో. 1983లో హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఏర్పడింది. మరుసటి ఏడు రాజీవ్ గాంధీ చొరవతో వైర్‌లెస్ పరికరాలపై దిగుమతి సుంకం తీసేశారు. ఆయన కూడా హ్యామే. దూరదర్శన్ పుణ్యమా అని అదే దశాబ్దంలో ప్రతి ఊళ్లోనూ ఇంటి కప్పు మీద అల్యూమినియం యాగీ యాంటెనా లేచింది. 1926లో జపాన్‌లో ఉడా, యాగీ తయారుచేసిన నమూనా అది. పైపు ఎలా లేపాలో, స్టే వైరు ఎలా బిగించాలో తెలుగు పల్లెలు నేర్చుకున్నది ఈ టీవీ యాంటెనాలతోనే. కరెంటు తీగకు పైపు తగిలితే ఏమవుతుందో తెలిసిందీ అప్పుడే.

బీఐటీఎక్స్ అనే చవకైన ట్రాన్సీవర్ నమూనాను హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ 2003లో అందరికీ అందుబాటులో పెట్టారు. కొద్ది వాట్ల ఆ సెట్టును చేతులతో కట్టుకున్నవారు ప్రపంచమంతా ఉన్నారు. సెట్టు చిన్నదైతే యాంటెనా మీద శ్రద్ధ పెరుగుతుంది. ఖరీదైన టవర్ల కంటే ఈ ధోరణే మన అడవి ఊళ్లకు ఎక్కువ నప్పుతుందని చెప్పవచ్చు.

విపత్తులు

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన టెలిఫోన్ స్తంభాలనూ పడగొట్టింది. 1986 ఆగస్టు 16న భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరింది. ఇప్పటికీ రికార్డు అదే. 2022 జూలై 16న 71.3 అడుగులు వచ్చింది. ఇక్కడ మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులకు, రెండోది 48కి, మూడోది 53కి. నదీమట్టాలను ఒక చోటి నుంచి మరో చోటికి అందించడానికి కేంద్ర జలసంఘం వైర్‌లెస్‌ను ఏళ్ల తరబడి వాడింది. నీటిలో మునిగిన ఊరికి కబురు అందించేది తీగ కాదు, గాలి అన్న సంగతి ఈ నది పక్కన ఉన్నవారికి కొత్తది కాదు.

హ్యామ్‌ల పేరు దేశమంతా వినిపించిన సందర్భం 2004 డిసెంబరు. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున అండమాన్ వెళ్లిన భారతీ ప్రసాద్ పోర్ట్ బ్లెయిర్‌లో వీయూ4ఆర్‌బీఐ కేంద్రం నడుపుతుండగా 26న సునామీ వచ్చింది. సరదాకు పెట్టిన కేంద్రం సహాయ కేంద్రమైంది. ఆమె దాన్ని అధికారుల కార్యాలయానికి మార్చి కబుర్లు అందించారు. తేలికగా విప్పి మరో చోట కట్టుకోగల యాంటెనా ఉండాలని ఆ అనుభవం చెప్పింది.

కొండ, చెట్టు, ఎత్తు

రెండు మీటర్ల బ్యాండు (144-146 మెగాహెర్ట్జ్) సెట్లు చూపు మేరకే పనిచేస్తాయి. రెండు వైపులా 9 మీటర్ల స్తంభాలుంటే చదును నేల మీద దాదాపు 25 కిలోమీటర్లు అందుతుంది, 16 మీటర్లయితే 33. ఎత్తు దాదాపు రెట్టింపైనా దూరం మూడో వంతే పెరిగింది. ఖమ్మం నుంచి భద్రాచలానికి గాలి మార్గాన 90 కిలోమీటర్లు, మధ్యలో కొండలు. తడిసిన టేకాకు ఆ తరంగాలను మరింత మింగేస్తుంది. అందుకని ఈ దారిలో ఎత్తు పెంచడం డబ్బు వృథా. గుట్ట మీద రిపీటర్ (సంకేతాన్ని అందుకుని తిరిగి పంపే సెట్టు) పెట్టాలి, లేదా కింది బ్యాండ్లకు దిగాలి.

కింది బ్యాండ్లలో ఒక సౌకర్యం ఉంది. 7 లేదా 3.5 మెగాహెర్ట్జ్ డైపోల్‌ను కావాలనే తక్కువ ఎత్తులో కడితే తరంగం దాదాపు నిటారుగా పైకి పోయి, ఆకాశంలో పైనున్న అయనోస్ఫియర్ పొరను తాకి, చుట్టూ మూడు నాలుగు వందల కిలోమీటర్ల మేర వర్షంలా కిందికి దిగుతుంది. కొండలు అడ్డం రావు. భద్రాచలం నుంచి హైదరాబాద్ గాలి మార్గాన 250 కిలోమీటర్ల పైచిలుకు. పగలు 7, రాత్రి 3.5 మెగాహెర్ట్జ్ మీద ఈ దూరం అందుతుంది. కావలసింది ఆరేడు మీటర్ల ఎత్తున రెండు ఆధారాలు. వెదురు ఈ సీమలో పుష్కలం, కానీ రిజర్వ్ అడవిలో అనుమతి లేకుండా నరకకూడదు. భూమిలో పాతే వెదురు మొదలుకు తారు పూయకపోతే చెదలు పడుతుంది.

నిలబెట్టడం

ప్రమాదాల్లో మొదటిది కరెంటు. పైపు లేపేటప్పుడు నలుగురు మొదలు పట్టుకుంటారు, చూపు పైన ఉండదు, పక్కనే 11 కేవీ లైను ఉంటుంది. స్తంభం, దాని మీది యాంటెనా కలిపిన పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరం లోపల ఏ కరెంటు తీగా ఉండకూడదన్నది హ్యామ్‌లు పాటించే కొలత. అంత చోటు లేకపోతే స్తంభం వేరే చోట వేయాలి. లైను కింద పని తప్పదంటే సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ (ఎల్‌సీ) తీసుకున్న లైన్‌మన్ దగ్గరుండాలి. 'కరెంటు లేదులే' అన్న మాట మీద ఎవరూ పైపు ఎత్తకూడదు.

రెండోది గాలి. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం లెక్కకు తీసుకోవలసిన గాలి వేగం హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, విజయవాడ, విశాఖలకు 50. 44 దగ్గర చదరపు మీటరుకు సుమారు 118 కిలోల తోపు, 50 దగ్గర 153. ఖమ్మం, భద్రాచలం ఈ ఊళ్ల మధ్యన ఉన్నాయి కనుక 50 లెక్కన కట్టుకోవడమే మేలు. అర చదరపు మీటరు విస్తీర్ణమున్న యాగీ మీద అప్పుడు 75 కిలోలకు పైగా తోపు పడుతుంది, అదీ స్తంభం కొసన.

దాన్ని ఆపేవి స్టే వైర్లు. 120 డిగ్రీల ఎడంతో మూడు వైపులా లాగాలి. నేలలో లంగరు స్తంభం మొదలు నుంచి కనీసం ఎత్తులో అరవై శాతం దూరాన ఉండాలి. ఇంటి ఆవరణ చాలలేదని దగ్గరగా దింపితే వైరు స్తంభాన్ని పక్కకు పట్టే బదులు కిందికి నొక్కుతుంది. వైరు మడిచి బిగించే బుల్‌డాగ్ గ్రిప్పుల్లో యు ఆకారపు బోల్టు తెగిన చివర మీద, గాడి ఉన్న ముక్క భారం మోసే తీగ మీద ఉండాలి. తిరగేసి బిగిస్తే బరువు మోసే తీగే నలుగుతుంది. ఒక్కో మడతకు మూడు గ్రిప్పులు తగ్గకూడదు. టర్న్‌బకిల్ గాలికి వదులు కాకుండా దాని కంటిలోంచి తీగ దూర్చి ముడేయాలి. స్టే వైరు మధ్యలో గుడ్డు ఆకారపు పింగాణీ ఇన్సులేటర్లు వేస్తారు. పింగాణీ పగిలినా రెండు తీగల ఉచ్చులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, స్తంభం పడదు. సాదాసీదా వస్తువే గానీ ఎంతో తెలివైనది.

ఎక్కేవారికి నడుం బెల్టు చాలదు. ఒళ్లంతా పట్టే హార్నెస్, రెండు కొక్కేల తాళ్లు కావాలి. ఒకటి విప్పే ముందు రెండోది తగిలించాలి. కింద ఉన్నవారికి హెల్మెట్ తప్పనిసరి, ఎందుకంటే పైనుంచి జారే స్పానర్ ముందుగా వాళ్లనే వెతుక్కుంటుంది.

పిడుగు, తుప్పు

గాలివానల కాలమైన ఏప్రిల్, మే నెలల్లో పిడుగులు ఎక్కువ. ఎర్త్ పిట్‌లో పైపు చుట్టూ బొగ్గు, ఉప్పు పోసి తడుపుతూ ఉండటం మనవాళ్లకు తెలిసిన పద్ధతే. సాధారణంగా జరిగే పొరపాటు వేరు: స్తంభానికో ఎర్త్, ఇంటికో ఎర్త్ విడిగా ఉంచడం. పిడుగు పడినప్పుడు ఆ రెండింటి మధ్య వోల్టేజీ తేడా వచ్చి కరెంటు సెట్టు గుండానే ప్రవహిస్తుంది. రెండు ఎర్త్‌లనూ మందపాటి రాగి పట్టీతో కలపాలి. ఉరుము వినిపించకముందే కేబుల్ విప్పి గది బయట పెట్టాలి. ఉరుమొచ్చాక కేబుల్ ముట్టుకోకూడదు.

వర్షాకాలం మొదలయ్యే ముందు, ముగిశాక స్తంభం చుట్టూ తిరిగి చూడాలి. చూడవలసింది వెల్డింగు దగ్గర తుప్పు, నేలమట్టంలో పైపు తినివేత, స్టే వైరులో తెగిన పోగు, కేబుల్ జాయింటులో నీరు. వరద మునిగే చోట లంగరు చుట్టూ మట్టి కోసుకుపోయిందేమో తవ్వి చూడాలి. పోగు తెగిన వైరును అతకరు, మారుస్తారు.

అనుమతి

హ్యామ్ కేంద్రానికి కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ విభాగం లైసెన్సు కావాలి. దానికి పరీక్ష ఉంటుంది. 1978 నాటి నియమాలను తర్వాత సవరించారు. విమానాశ్రయాల దగ్గర ఎత్తుకు 2015 నిబంధనలు వర్తిస్తాయి. ఏజెన్సీ మండలాల్లో భూమి చేతులు మారడానికి 1959, 1970 నాటి గిరిజన భూ నిబంధనలున్నాయి కనుక సొంతం కాని నేలలో స్తంభం పాతేవారు ముందు గ్రామసభ, రెవెన్యూ కార్యాలయం మెట్లెక్కాలి. మావోయిస్టుల కాలంలో సెల్ టవర్లు పేలిన సరిహద్దు ఇది. వైర్‌లెస్ సెట్టు చూస్తే పోలీసులు ప్రశ్నించడం సహజం. లైసెన్సు నకలు కేంద్రం గోడ మీదే పెట్టుకోండి, స్తంభం లేపే రోజు స్థానిక ఠాణాకు ముందుగా చెప్పండి.