పచ్చదోమల గుర్తింపు: నెఫోటెట్టిక్స్ ప్రజాతి కథ

వరి పైరు రసం పీల్చే పచ్చదోమలు, అంటే పచ్చ దీపపు పురుగులు, నెఫోటెట్టిక్స్ ప్రజాతికి చెందినవి. పొడవు నాలుగైదు మిల్లీమీటర్లు, ఒళ్లంతా ఆకుపచ్చ, మగపురుగుల రెక్కల కొసన నలుపు. రాత్రి దీపం చుట్టూ ముసిరితే అన్నీ ఒకే జాతి అనిపిస్తాయి. వీటి జాతులను తేల్చి, పేర్లు స్థిరపరచడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

వరినే పట్టే సుడిదోమతో వీటిని పోల్చి చూస్తే తేడా సులువుగా తెలుస్తుంది. పచ్చదోమ వెనక కాలి పొడవునా ముళ్ల వరుసలుంటాయి. సుడిదోమకు అదే కాలి పిక్క భాగం చివర కదిలే మొన ఒకటుంటుంది. పత్తి రైతు పచ్చదోమ అనేది మాత్రం అమ్రాస్కా బిగుట్టులా అనే వేరే పురుగు. అది వేరే ఉపకుటుంబానికి చెందినది. అసలు చిక్కంతా నెఫోటెట్టిక్స్ తోబుట్టువుల మధ్యనే.

1870లో స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ స్టోల్ ఫిలిప్పీన్స్ నమూనాలను చూసి నైగ్రోపిక్టస్ జాతిని వర్ణించాడు. 1896లో అమెరికాకు చెందిన ఊలర్ జపాన్ పురుగుకు సింక్టిసెప్స్ అని పేరు పెట్టాడు. నెఫోటెట్టిక్స్ ప్రజాతిని 1902లో ఏర్పరచినవాడు జపాన్‌కు చెందిన మత్సుమురా. అయినా 1908లో బ్రిటిష్ ఇండియా జంతుజాలం గ్రంథమాలలో విరెసెన్స్ అనే మరో జాతిని వర్ణించిన శాస్త్రవేత్త డిస్టంట్ దాన్ని సెలెనోసెఫాలస్ అనే వేరే ప్రజాతిలో చేర్చాడు. ఊలర్ కూడా తన పురుగును ముందు అక్కడే పెట్టాడు.

తర్వాతి దశాబ్దాల్లో గందరగోళం ముదిరింది. నైగ్రోపిక్టస్‌ను ఎపికాలిస్ అనీ, విరెసెన్స్‌ను ఒకసారి బైపంక్టేటస్ అనీ, ఇంకోసారి ఇంపిక్టిసెప్స్ అనీ రాశారు. పేర్ల తగాదాయే కదా అని వదిలేయడానికి లేదు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో పనిచేసిన రివేరా, ఊ అనే శాస్త్రవేత్తలు 1965లో వరికి వచ్చే తుంగ్రో వైరస్ తెగులును వ్యాపింపజేసేది పచ్చదోమేనని ప్రకటించారు. ఆ పని అన్నిటికన్నా సమర్థంగా చేసేది విరెసెన్స్. నైగ్రోపిక్టస్ సామర్థ్యం చాలా తక్కువ. విరెసెన్స్ వరినే ఎక్కువగా ఆశ్రయిస్తుంది, నైగ్రోపిక్టస్‌కు గట్ల మీది గడ్డి కూడా ఇష్టమే. గట్టు మీద దొరికిన పురుగును పొలంలోని పురుగుగా లెక్క కడితే తెగులు అంచనా తప్పుతుంది.

1968లో కె.సి. లింగ్ ఈ రెండు జాతుల సంకర సంతానం తుంగ్రోను మోయగలదా అని పరీక్షించి, ఫలితాలు ప్రచురించాడు. ఆ పత్రం శీర్షికలో ఉన్న ఇంపిక్టిసెప్స్, ఎపికాలిస్ అనే రెండు పేర్లూ ఇప్పుడు చెల్లవు.

చిక్కుముడి విప్పింది ఎం.ఎస్.కె. ఘౌరి. వర్ణనల మీద ఆధారపడకుండా, పేరు పెట్టినప్పుడు వాడిన మూల నమూనాలనే తీసి పరీక్షించి, 1971లో ప్రజాతిని పునర్వ్యవస్థీకరించాడు. ఈ రంగంలో ఇంతకన్నా నమ్మదగిన పద్ధతి లేదు.

ఇప్పుడు గుర్తింపు ఇలా మొదలవుతుంది. తల పైభాగం అంచున కాటుక గీతలాంటి నల్లపట్టీ ఉందా చూడాలి. విరెసెన్స్‌కు ఉండదు. నైగ్రోపిక్టస్‌కు ఆ పట్టీతోపాటు మెడ వెనక పలక ముందు అంచు కూడా నల్లగా ఉంటుంది. సింక్టిసెప్స్‌కు తలపై పట్టీ ఉన్నా, పలక అంచు నల్లబడదు. రెక్క మధ్యలోని నల్లమచ్చ నైగ్రోపిక్టస్‌లో లోపలి అతుకు దాకా పాకుతుంది; విరెసెన్స్‌లో అంతవరకూ రాదు, ఒక్కోసారి మచ్చే ఉండదు.

రంగు మాత్రం నమ్మకస్తురాలు కాదు. ఆడపురుగుల్లో నలుపు వెలిసిపోయి ఉంటుంది. అందుకే మగపురుగు ఉదరాన్ని పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టి మెత్తబరచి, గ్లిసరిన్‌లో ఉంచి, జననాంగం ఆకారాన్నీ దాని మీది ముళ్ల అమరికనూ సూక్ష్మదర్శిని కింద చూస్తారు. తుది తీర్పు దానిదే.

అంత లోతుగా చూడకపోతే అరుదైనవి సాధారణమైన వాటి గుంపులో కలిసిపోతాయి. ఉదాహరణకు, ఇషిహారా, కవాసే 1968లో మలయా ప్రాంతం నుంచి మలయానస్, పార్వస్ అనే రెండు కొత్త జాతులను వర్ణించారు. దీపపు ఎరలో ఆడపురుగు ఒక్కటే పడి, పక్కన మగపురుగు లేకపోతే, జాతి పేరు రాయకుండా నెఫోటెట్టిక్స్ అని రాసి ఊరుకోవడమే సరైన పద్ధతి.