ఆరు స్విచ్చుల గిటార్

1963 ఆగస్టులో, లండన్ శివారు ఫెల్తమ్‌లో పదహారేళ్ళ బ్రయన్ మే, వాళ్ళ నాన్న హెరాల్డ్ కలిసి ఒక ఎలక్ట్రిక్ గిటార్ చేయడం మొదలుపెట్టారు. కొనే స్తోమత లేదు. మెడకి పాత ఫైర్‌ప్లేస్ చెక్క, స్ప్రింగులు పాత మోటార్‌సైకిల్‌వి, మెడ మీది చుక్కలేమో అమ్మ కుట్టుపెట్టెలోని గుండీలు. ఈ కథ అందరూ చెప్పేదే. నన్ను లాగేది లోపలి వైరింగు.

పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగితీగ. పైన ఉక్కుతంత్రి కదిలితే తీగలో కరెంటు పుడుతుంది. మొదట్లో బ్రయనే వాటిని చుట్టుకున్నాడు. సౌండ్ బాగానే ఉందిగానీ తంత్రిని పక్కకి లాగితే ఏదో వింత చప్పుడు. చివరికి మూడు బర్న్స్ ట్రైసోనిక్‌లు కొని, కీచుమనకుండా లోపల ఆరల్డైట్ పోశాడు.

అసలు తెలివి వాటిని కలపడంలో ఉంది. అప్పటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్ స్విచ్చికి మూడే స్థానాలు, ఒక్కోదానికి ఒక్కో పికప్. వీళ్ళు మూడింటినీ సిరీస్‌లో పెట్టారు, టార్చిలైట్లో బాటరీల్లాగా. వోల్టేజీలు కూడి శబ్దం చిక్కబడుతుంది. ఒక్కో పికప్‌కి రెండేసి స్విచ్చులు: ఒకటి ఆన్-ఆఫ్‌కి, రెండోది దాని కొసలు తారుమారు చేయడానికి. అంటే టార్చిలో ఒక బాటరీని తిరగేసినట్టు. కాకపోతే టార్చి ఆరిపోతుంది. గిటార్ మాత్రం ముక్కుతో పాడుతుంది! రెండు పికప్పుల్లోనూ ఉమ్మడిగా ఉన్నది చాలావరకు కొట్టుకుపోగా మిగిలిన గొంతు అది.

కొడుకు పీహెచ్‌డీ మధ్యలో వదిలేసి క్వీన్ బాండుతో వెళ్ళిపోతే కష్టపెట్టుకున్నదీ ఈ నాన్నే. 2002 జూన్‌లో బకింగ్‌హామ్ పాలెస్ కప్పు మీద బ్రయన్ వాయించింది ఆ గిటారే. హెరాల్డ్ 1991లోనే పోయాడు.